కల్లు సీసాకు చెట్టు లెక్క ఉండాలి

కౌడిపల్లి: పొద్దు వాలేసరికి పొలం పని ముగించుకున్న రైతులు, కూలీలు కల్లు దుకాణం దారి పట్టడం మెతుకుసీమలో తరతరాల అలవాటు. ముందు ఒక సీసా కల్లు, పక్కన కాగితంలో గుడాలు, వేయించిన పల్లీలు, మిరపకాయ బజ్జీలు. చేతిలో పైసలు ఆడిన రోజున బోటి కూర. వానల సంగతి, వడ్ల ధర, పిల్లల పెళ్ళి మాటలు అక్కడే నడుస్తాయి. నర్సాపూర్–మెదక్ దారి వెంట ఏ ఊరిలోనైనా ఈ సాయంత్రం ఒకే తీరుగా ఉంటుంది. పట్నంలో బారుకు వెళ్ళేవారిని ఏమీ అనని పెద్దలు పల్లెవాసిని మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. అడగవలసిన ప్రశ్న వేరు: సీసాలో ఉన్నది చెట్టు కల్లేనా?

చెట్టు కల్లు స్వభావం గౌడన్నకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తెల్లవారుజామున దించినప్పుడు తీయగా ఉంటుంది. కొద్ది గంటల్లోనే పులియడం మొదలై సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. ఈత చెట్టుకు ఒక కాలం, తాటి చెట్టుకు ఒక కాలం. ఏడాది పొడుగునా ఒకే లెక్కన కల్లు పారే చెట్టు లేదు. మరి చెట్లు తక్కువై సీసాలు ఎక్కువైన చోట ఆ తేడాను నింపుతున్నది ఏమిటి?

నీళ్ళు, శాక్రిన్ కలిపితే రుచి వస్తుంది గాని మత్తు రాదు. అందుకే క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రజోలం వంటి మందులు కలుపుతున్నారు. ఇవి వైద్యుడు కొలిచి ఇవ్వవలసినవి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఈ పొడికి అలవాటు పడినవారికి మరొక ప్రమాదం ఉంది. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మతి చెదురుతుంది, ఫిట్స్ రావచ్చు. 2020లో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగుల తాకిడి పెరగడం అందరూ చూసినదే. ఇటువంటివారిని గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, తాయెత్తు కట్టించడం కాక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వైద్యులు మెల్లమెల్లగా మాన్పిస్తారు.

కల్తీ వల్ల మొదట దెబ్బతినేది గీత కార్మికుడే. మోకు, ముత్తాదుతో ప్రాణం పణంగా పెట్టి దించిన కల్లు పొడి నీళ్ళతో పోటీ పడవలసి వస్తున్నది. చెట్టుపై నుంచి పడకుండా 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం ప్రారంభించింది. మంచిదే. చెట్టు దిగిన తర్వాత అతని సరుకుకు రక్షణ ఏదీ?

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి దుకాణం ముందు ఒక బోర్డు పెట్టాలి. గీస్తున్న చెట్లెన్ని, ఈనాడు దిగిన కల్లెంత, అమ్మిన సీసాలెన్ని అని రాయాలి. లెక్క కలవని చోట ఆబ్కారీ అధికారులు ముందుగా చెప్పకుండా శాంపిళ్ళు తీసి, ఫలితాన్ని గ్రామ పంచాయతీ గోడపై అంటించాలి. తాగేవారు సైతం రెండు రూపాయలు ఎక్కువైనా చెట్టు కల్లే కావాలని గట్టిగా అడగాలి. గుడాలలో ఒక రాయి తగిలితే దుకాణదారుని నిలదీసే మనిషి, సీసాలో విషం గురించి అడగకపోవడం తగదు.