ఒక్క ఒడిలో ఎంతమంది?

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక వేతనంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మొదటి ఇద్దరు బిడ్డలకు వర్తించే ఈ సెలవు అయిపోయేసరికి పసిబిడ్డకు ఆరు నెలలు నిండుతుంటాయి. అన్నప్రాసన చేసి మెత్తటి అన్నం అలవాటు చేసే రోజులవి. కొత్త ముఖం కనిపిస్తే బిక్కమొహం వేసే రోజులు. సరిగ్గా అప్పుడే తల్లి ఉద్యోగానికి వెళ్లాలి. కనీసం 50 మంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే చట్టం చెప్పింది గానీ, చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే అమ్మాయికీ, బట్టల దుకాణంలో నిలబడే అమ్మాయికీ, పదిమంది ఉన్న ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయికీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. అమ్మమ్మ ఊళ్లో ఉంటుంది, నానమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇక మిగిలేది పక్క బ్లాకులోని ఇంటి డేకేరే. ఎవరో ఒకావిడ తన రెండు గదుల ఫ్లాట్‌లోనే ముగ్గురు నలుగురు పిల్లల్ని చూసుకోవడం మొదలుపెడుతుంది. మంచి పేరొస్తే ఆ నలుగురు ఎనిమిదిమందీ, పదిమందీ అవుతారు.

పిల్లను చేర్చడానికి వెళ్లిన తల్లిదండ్రులు చాలావరకు గోడల మీది బొమ్మలు, సీసీ కెమెరా, ఇంగ్లీషు రైమ్స్, రోజూ వాట్సాప్‌లో వచ్చే ఫొటోల గురించి అడుగుతారు. వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒక మనిషి చేతి కింద ఎంతమంది పిల్లలు? ఎనిమిదిమంది రెండేళ్లలోపు పిల్లలు, చూసుకోవడానికి ఒక్కరే అనుకుందాం. ఏడాది బిడ్డకు అన్నం తినిపించడానికి తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు పడుతుంది. ఎనిమిదిమందికి 160 నిమిషాలు. మొదటి బిడ్డ పన్నెండింటికి తింటే చివరి బిడ్డ నోటికి ఆఖరి ముద్ద అందేది రెండు నలభైకి. రోజుకు ఒక్కొక్కరికి మూడుసార్లు బట్టలో డైపరో మార్చి, కడిగి, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఐదేసి నిమిషాలు వేసుకున్నా ఇంకో రెండు గంటలు. ఈలోగా ఒకరికి నిద్ర ముంచుకొస్తుంది, ఇంకొకరు ఏడుస్తారు, మరొకరు బాత్‌రూమ్ వైపు పాకుతారు. ఆవిడ ఎంత ఓర్పుగల మనిషైనా టీవీ పెట్టక తప్పదు. కదలకుండా కుర్చీలో కట్టేసి కూర్చోబెట్టక తప్పదు. తప్పు ఆవిడ స్వభావంలో లేదు, ఆ అంకెలో ఉంది. అదే పిల్లలు ముగ్గురైతే అన్నాలు గంటలో అవుతాయి, మిగతా పనికి ముప్పావుగంట చాలు. మిగిలిన పొద్దంతా పిల్లలదే.

ఆ అన్నం తినిపించే ఇరవై నిమిషాలను పనిగా లెక్కేసి, ఫ్లాష్ కార్డులు చూపించే పావుగంటను మాత్రం చదువుగా లెక్కేయడం మన కాలపు పెద్ద పొరపాటు. ముద్ద కలుపుతూ ఇది పప్పు, ఇది నెయ్యి అని చెబుతుంటే బిడ్డ ఊఁ అంటుంది. పెద్దవాళ్లు మళ్లీ ఊఁ కొడతారు. మాట పుట్టేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో పసివాళ్ల పెంపకానికి అవసరమని చెప్పిన ఐదింటిలో ఆరోగ్యం, పోషణ, భద్రత, తొలి అభ్యసనంతో పాటు ఐదోది ఇదే: బిడ్డ సైగకు బదులు పలకడం. మరుసటి ఏడాది ఆ ఆరోగ్య సంస్థే ఐదేళ్లలోపు పిల్లల రోజు ఎలా గడవాలో చెప్పింది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడాలి, పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలి, ఒకేచోట గంటకు మించి కట్టేసినట్టు కూర్చోకూడదు. ఏడాది బిడ్డకు టీవీ, ఫోను అసలే వద్దు. రెండేళ్ల బిడ్డకు గంటకు మించకూడదు. వీటిలో ఒక్కదానికీ ఖరీదైన ఆటవస్తువు అక్కర్లేదు. గిన్నెలు, గరిటెలు, తారంగం ఆడించే చేతులు, సాయంత్రం కిందికి దింపి చెట్టును చూపించే మనిషి చాలు. కానీ ఆ మనిషికి తీరిక ఉండాలి.

ఇక మన నిబంధనలు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్లు నిండిన పిల్లల గురించే మాట్లాడతాయి. ప్రభుత్వ సాయంతో 2022 దాకా ఆ పేరుతో నడిచిన జాతీయ క్రెష్ పథకంలో 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండేవారు. నా దృష్టిలో పసివాళ్లకు అదీ ఎక్కువే. ఫ్లాట్‌లో నడిచే డేకేర్‌కు వచ్చేసరికి మాత్రం ఇంతమందే ఉండాలని అడిగేవాళ్లే కనిపించరు. ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునేవారి వద్ద ఎనిమిదేళ్లలోపు పిల్లలు సాధారణంగా ఆరుగురికి మించకూడదు. వారిలో ఐదేళ్లలోపువారు ముగ్గురే, ఏడాదిలోపు బిడ్డ ఒక్కరే. న్యూజీలాండ్‌లో చిన్నపిల్లలకు నలుగురే హద్దు. ఆ హద్దులూ కదలనివి కావు. ఇంగ్లండ్ నర్సరీల్లో రెండేళ్ల పిల్లలకు 1:4గా ఉన్న నిష్పత్తిని 2023లో 1:5కు సడలించారు. నలుగురా ఐదుగురా అన్నది అక్కడి వాదన. మన ఇంటి డేకేర్ల విషయంలో ఆ వాదనకు కూడా ఒక అంకె లేదు.

‘మా అమ్మమ్మ ఏడుగురిని పెంచలేదా’ అంటారు. పెంచింది, కాదనను. కానీ ఆ ఏడుగురూ ఒకేసారి రెండేళ్లలోపు పిల్లలు కారు. చంటిబిడ్డను పెద్దక్క ఎత్తుకునేది, పక్కింటి పిన్ని చూసేది, అరుగు మీద తాతయ్య ఉండేవాడు. ఇంగ్లండ్ నిబంధన పోలినది ఆ పాత ఇంటినే: ఒక్క చంటిది, ఇద్దరు చిన్నవాళ్లు, మిగిలినవారు బడికి వెళ్లివచ్చే వయసువాళ్లు. తాళం వేసిన ఫ్లాట్‌లో పాకే పిల్లలు ఎనిమిదిమందితో ఒక్కతే ఉండటం మన సంప్రదాయంలో ఎక్కడా లేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం డబ్బుది. నలుగురికే పరిమితం చేస్తే ఆవిడకు గిట్టదు, లేదా రుసుము రెట్టింపై చిన్న జీతాల తల్లులు ఉద్యోగం మానేస్తారు. నిజమే. ఈ భారాన్ని ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్యే వదిలేస్తే ఎటు తిప్పినా ఒకరు నష్టపోతారు. అందుకే మూడోచేయి కావాలి. ఫ్రాన్స్‌లో ఇంటి వద్ద పిల్లల్ని చూసుకునేవారికి గరిష్ఠంగా నలుగురిని అనుమతిస్తారు, ఖర్చులో కొంత ప్రభుత్వ కుటుంబ భృతి నిధి నుంచి తల్లిదండ్రులకు అందుతుంది. మన రాష్ట్రాలూ నమోదైన ఇంటి డేకేర్లలో చేరిన మూడేళ్లలోపు పిల్లలకు నెలకు కొంత ఇవ్వాలి. క్రెష్ పెట్టాల్సిన యజమానులు ఆ ఖర్చును ఉద్యోగి ఇంటి దగ్గరి డేకేర్‌కు చెల్లించే దారి కూడా తెరవాలి.

నమోదు అనగానే ఇన్‌స్పెక్టర్ల రాజ్యం వస్తుందన్న భయానికి కారణం ఉంది. పార్కింగు, వాణిజ్య కరెంటు మీటరు, భవన అనుమతి అంటూ తిప్పితే ఆవిడ బోర్డు తీసేసి దొంగచాటుగా నడుపుతుంది, పిల్లలు ఇంకా చీకట్లో పడతారు. కాబట్టి ఫ్రాన్స్‌లోలాగే ఈ తనిఖీ తల్లీబిడ్డల ఆరోగ్య విభాగం చేతిలో ఉండాలి. మనకు ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఉన్నారు. వాళ్లకు అదనపు పనిగా కాక అదనపు సిబ్బందితో ఈ బాధ్యత ఇవ్వాలి. ఒక్క పేజీ దరఖాస్తు, కొద్దిరోజుల శిక్షణ, చెప్పకుండా వచ్చే తనిఖీలు. ఎంతమంది పిల్లలు, ఏయే వయసు, ఆవిడకు జ్వరమొస్తే చూసేదెవరు? నీళ్లు నింపిన బకెట్లు పిల్లలకు అందుతున్నాయా, బాల్కనీకి గ్రిల్ ఉందా, వేరుశనగలు, కోయని ద్రాక్షపళ్లు పెడుతున్నారా, చంటిబిడ్డను వెల్లకిలా పడుకోబెడుతున్నారా? ఇవి చూడటానికి ఇంజినీరు అక్కర్లేదు.

ఆ ఏర్పాటు వచ్చేదాకా తల్లిదండ్రుల చేతిలోనూ ఒక తనిఖీ ఉంది. ఇల్లు సర్ది ఉండే ఉదయం పదింటికి కాకుండా, ఆవిడ ఒప్పుకుంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లండి. ఒక మూల కూర్చుని, ఆఖరి బిడ్డ ఎన్నింటికి తిన్నదో చూడండి.