బోర్డులు మారాయి సరే, పని అడిగే చోటు ఏది?

ఆలమూరు చుట్టుపక్కల వాళ్ల కోసం రాస్తున్నానండి. మిగతావాళ్లూ చదవండి, మీ ఊరి కథా ఇంచుమించు ఇదే అయ్యుంటుంది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పంచాయతీ ఎన్నికంటే పార్టీల గొడవ అనుకుని, గ్రామసభంటే ఫొటోల కార్యక్రమం అనుకుని మనం పక్కకి తప్పుకుంటున్నాం. మన ఊరి పని మనం హక్కుగా అడగడానికి మిగిలిన చోటు అదొక్కటే.

ఎందుకంటున్నానో వినండి.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా మూడు భాగాలైంది: తూర్పు, మధ్య, పశ్చిమ. అసలు కోనసీమంటే గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న నేల, అంటే మధ్య డెల్టా. ఆలమూరు గౌతమికి ఇవతల ఉంది కాబట్టి మనం తూర్పు డెల్టా వాళ్లం. బజారు పనికైనా, పెద్దాసుపత్రికైనా మన కాళ్లు ముందు మండపేట వైపో, రాజమండ్రి వైపో నడుస్తాయి.

మరి పరిపాలన ఎటు నడిచింది? ఆలమూరు పేరుతో ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. చివరిసారి ఆ పేరు మీద ఓటేసింది 2004లో. పునర్విభజన జరిగాక 2009 నుంచి మనం కొత్తపేట ఓటర్లం. 2022 ఏప్రిల్ 4 దాకా కాకినాడ కేంద్రంగా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాం, ఆ రోజు నుంచి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా. నీళ్లు తూర్పు డెల్టావి, కలెక్టరేటు మధ్య డెల్టాలో! కలెక్టర్ గారికి అర్జీ ఇవ్వాలంటే జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం, కొత్తపేట మీదుగా పోవాలి.

నేను జిల్లా తప్పనడం లేదు. 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలకి నెల రోజులు గడువిచ్చారు. అలాంటప్పుడు ఒక్కొక్కరం గొణుక్కుంటే ఎవరికీ వినపడదు. గ్రామసభ తీర్మానం మీద ఊరు మాట్లాడితే దానికో బరువుంటుంది. రేపు ఇంకో మార్పు వస్తుంది. అప్పుడైనా మాట్లాడే అలవాటు మనకుండాలి కదా.

ఇంక ఊళ్లో సేవల సంగతి. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ పోయింది. 1985లో మండలాలొచ్చాయి, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. 2019 అక్టోబర్ 2న మన కాకినాడ పక్కన కరపలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. మంచిని మంచనే చెప్పాలి. సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, ఏఎన్ఎం ఊళ్లోనే దొరకడం చిన్న విషయం కాదు.

కానీ వాళ్లు జవాబు చెప్పేది ఎవరికి? ఎవరి శాఖ పై అధికారికి వాళ్లు. ఊరికి కాదు. కౌలు రైతు కార్డుకి భూయజమాని సంతకం పెట్టడు, కార్డు లేక కౌలుదారు పంట నమోదు దగ్గర అవస్థ పడతాడు. మురుగు కాలవలో గుర్రపుడెక్క పట్టేసి చేను మునిగితే, మాది కాదంటే మాది కాదంటారు. ఇలాంటివి ఒక శాఖ పనులు కావండి, ఊరి పనులు. ఊరంతటినీ ఒక చోట కూర్చోబెట్టే హక్కు గ్రామసభకి తప్ప ఇంకెవరికుంది?

"సర్పంచికి అధికారాలెక్కడ ఏడ్చాయి?" అంటారు. నిజమే. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాల జాబితా ఇచ్చింది. వ్యవసాయం, చిన్న నీటి వనరులు, తాగునీరు, రోడ్లు, ఆరోగ్యం అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇవ్వాలో రాష్ట్రం చేతిలో పెట్టారు, ఏ ప్రభుత్వమూ చేతులారా ఇవ్వలేదు. అయితే ఉన్న కాస్తా వదిలేస్తే వచ్చేదేంటి?

వదిలేస్తే ఏమవుతుందో చూశాం కూడా. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018 ఆగస్టుకి తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఆ డబ్బు వీధి దీపాలదీ, మంచినీళ్లదీ. అప్పుడు రోడ్డెక్కి అడిగినవాళ్లం ఎంతమంది? 2021లో గెలిచినవాళ్ల ఐదేళ్లు కూడా 2026తో సరి. ఎన్నికలు గడువుకే జరగాలని అడగడం ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు, రాజ్యాంగం చెప్పిన మాటే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. తలుచుకుంటే పెట్టొచ్చని తేలిపోయింది. ఇక వెళ్లాల్సింది మనం.

ఈసారి సభకి వెళ్లినప్పుడు మూడే అడగండి. పోయినేడు ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? మురుగు కాలవ పూడిక ఎవరు, ఏ నెలలోపు తీస్తారు? కార్డు లేని కౌలు రైతులు మన ఊళ్లో ఎంతమంది? జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి. నోటిమాట వరదతో పోతుంది, రాసింది నిలుస్తుంది.

ఓటడగడానికొచ్చే అన్నయ్యల్నీ, అక్కయ్యల్నీ కూడా ఇవే అడగండి. వాళ్లు ఏ జెండా పట్టుకొచ్చినా సరే.