ఒడ్డెక్కిన పడవలు

తిరుపతి అనగానే కొండ గుర్తొస్తుంది. ఈ జిల్లాకు సముద్రం కూడా ఉందన్న సంగతి చప్పున తట్టదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు వాకాడు వైపు తీరమూ, సూళ్లూరుపేటను ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సూ దీని కిందికి వచ్చాయి. ఉమ్మడి చిత్తూరుకు అలలు తాకే నేల జానెడు కూడా ఉండేది కాదు. అందుకే కాబోలు, ఏటా ఏప్రిల్ నడిమికి ఆ తీరంలో జరిగే పని మన కంట పడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతటా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. ఇంజను పడవలన్నీ ఇసుక మీదికి వస్తాయి. అలా నిలిచిపోయిన పడవలకు భయం ఉప్పూ, ఎండా. ఉప్పు చప్పుడు చేయదు. వేట సాగే రోజుల్లో ఇంజను దినమూ తిరుగుతుంది, చిన్న తేడా వచ్చినా వెంటనే తెలుస్తుంది. ఊరికే పడి ఉన్న రెండు నెలల్లో లోపల పట్టిన తుప్పు మాత్రం జూన్‌లో ఇంజను స్టార్టు చేసే తాడు లాగినప్పుడే బయటపడుతుంది.

కాబట్టి అసలు జాగ్రత్తంతా పడవ ఒడ్డెక్కిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. పడవ వెనక బిగించే పెట్రోలు ఇంజనును విప్పి, మంచినీళ్లు నింపిన పీపాలో దాని అడుగు భాగం మునిగేలా నిలబెట్టి కాసేపు నడపాలి. లోపలి సన్నటి నీటి దారుల్లో పేరుకున్న ఉప్పు అలా నడిపితేనే కరుగుతుంది, పైన బకెట్టుతో కుమ్మరిస్తే పోదు. ఆ తర్వాత పెట్రోలు గొట్టం ఊడదీసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా వదిలేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండు నెలలు కార్బురేటర్‌లో నిలవుంటే ఏమవుతుందో మెకానిక్కులను అడిగితే చెబుతారు. చివరికి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిలు వేసి, తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగితే లోపలి గోడలకు నూనె పట్టుకుంటుంది. బిడ్డకు తలంటే తల్లి చేతిలో ఉండే నిదానం ఆ చేతిలో ఉండాలి.

ఫైబర్ పడవ ఒంటికి ఎండే శత్రువు. తడి ఇసుకలో కూరుకుపోకుండా కింద దుంగలు వేసి, అడుగున బిరడా తీసి పెట్టాలి. అది మూసి ఉంటే వేసవి వానకు పడవే తొట్టి అవుతుంది. పైన టార్పాలిన్ బిగించి కట్టడం కన్నా తాటాకులు కప్పడమే మేలని నాకనిపిస్తుంది. నీడా ఇస్తాయి, గాలీ ఆడనిస్తాయి.

ఇవన్నీ మత్స్యకారులకు తెలియనివి కావు, ఎవరో వెళ్లి నేర్పాల్సిన పనీ లేదు. లేనిది మంచినీళ్లు. ఉప్పునీటి పక్కన ఊళ్లలో వేసవి వచ్చిందంటే బిందె నీళ్లకే వెతుకులాట. పులికాట్ సరస్సు ఉత్తర భాగం ఆ రోజుల్లో నెర్రెలు విచ్చి ఉంటుంది. తాగడానికే చాలని నీళ్లను ఇంజను కడగడానికి పీపా నిండా పోయమని ఏ ఇంటి ఇల్లాలికి చెప్పగలం?

నిషేధ కాలంలో మత్స్యకారులకు ఇచ్చే భృతిని ప్రభుత్వం 2025లో పది వేల నుంచి 20,000 రూపాయలకు పెంచింది. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అయితే ఆ డబ్బు రెండు నెలల తిండికీ, పిల్లల చదువు ఖర్చుకూ సరిపెట్టుకునేది. అందులోంచి పడవకు మిగిలేది తక్కువ. పెద్ద మరబోట్లకు నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో రేవు కట్టారు. వాకాడు వైపు తూపిలిపాలెం లాంటి చోట్ల ఇసుక మీదికే లాక్కునే చిన్న పడవలకు కావలసింది అంత పెద్దది కాదు. ఒడ్డున ఒక మంచినీటి ట్యాంకు, నాలుగు పీపాలు, ఇంజన్లు తాళం వేసి దాచుకునేందుకు రేకుల షెడ్డు ఒకటి, వారానికోసారి వచ్చే మెకానిక్కు. పంచాయతీ, మత్స్యశాఖ కలిసి కూర్చుంటే వేసవి రాకముందే అయ్యే పని ఇది. వచ్చే ఏప్రిల్ 15 లోపు కనీసం ఒక్క పల్లెలోనైనా మొదలుపెట్టాలి.