అతిథికి అన్నం పెట్టిన చేతులు

కొండాపూర్ త్రవ్వకాలలో శాతవాహన నాణేలతో పాటు రోమను నాణేలు సైతం లభించాయి. దూరదేశపు వర్తకంతో రెండువేల ఏండ్లనాడే సంబంధం గల ఊరు మనది. బాటసారికి అన్నం, నీడ కల్పించడాన్ని తెలుగులో ఆతిథ్యమన్నాము. ఉర్దూలో మెహమాన్‌నవాజీ అన్నాము. నేడది ఒక పరిశ్రమ. పటాన్‌చెరు, సంగారెడ్డి మార్గంలోని లాడ్జీలు, భోజన హోటళ్లు, మెస్సులు, టీ బండ్లు అన్నీ అందులోనివే.

2020 మార్చి లాక్‌డౌనుతో ఈ పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ ఏడు రంజానులో హైదరాబాదు హలీం తయారీదారులు కూడ బట్టీలు వెలిగించరాదని నిర్ణయించుకున్నారు. కందిలోని ఐఐటి నిర్మాణ కార్మికులు తమను స్వస్థలాలకు పంపవలసిందిగా ఏప్రిల్ 29న ఆందోళన చేశారు. మే 1న దేశంలోని మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. జూన్ 8న హోటళ్లకు అనుమతి లభించినా, మెస్సుకు ఆధారమైన వలస కార్మికుడే లేనప్పుడు వడ్డించేది ఎవరికి? 2021 మే 12న రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌను విధించడంతో, లేవబోతున్నవారు మరల కూలబడ్డారు.

ప్రభుత్వం సహాయం చేయలేదని మేము అనము. 2022 బడ్జెట్టులో అత్యవసర రుణ హామీని 5 లక్షల కోట్ల రూపాయలకు పెంచి, పెంచిన 50,000 కోట్లను ఆతిథ్య, అనుబంధ సంస్థలకే కేటాయించారు. అయితే అది బ్యాంకులో అదివరకే అప్పున్నవారికి, ఆ అప్పును బట్టి ఇచ్చిన మరో అప్పు. చీటీ పాడి మెస్సు పెట్టినవానికి ఆ హామీ అందలేదు. స్వనిధి పథకం వీధి వ్యాపారికి తొలి విడతగా 10,000 రూపాయలు ఇచ్చింది. వంటవానికి, సర్వరుకు, అంట్లు తోమే స్త్రీకి ఈ రెండింటిలోనూ చోటు లేదు.

గదులు, బల్లలు నిండితే పరిశ్రమ కోలుకున్నట్లేనని కొందరంటారు. మేము అంగీకరించము. రేపు మరో విపత్తు వస్తే ఆ సర్వరు ఇంట పొయ్యి వెలుగుతుందా? కోలుకోవడానికి ఇదే గీటురాయి.

స్వల్పలాభంతో నడిచే హోటలు అంత భారం మోయలేదని యజమానులు అనవచ్చు. భారమెంత? పదిమంది, అంతకుమించి పనివారున్న హోటలుకు ఈఎస్ఐ వర్తిస్తుంది. 10,000 రూపాయల వేతనంపై యజమాని చెల్లించేది 325 రూపాయలు, పనివాడు చెల్లించేది 75. జబ్బుచేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తుంది. చికిత్సకు రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. 2020లో పని పోయిన అర్హులైన చందాదారులకు మూడు నెలల వరకు సగటు వేతనంలో సగం చెల్లించే ఏర్పాటును కూడ ఈఎస్ఐ చేసింది. రిజిస్టరులో పేరు లేనివానికి ఇందులో ఏదీ దక్కదు.

కావున విద్యార్థి మిత్రులారా, సెలవులలో హోటలు పనికి చేరినా, ఫంక్షను హాలులో వడ్డనకు పోయినా, మన పేరు పుస్తకంలో వ్రాశారా అని అడుగుదాము. క్యాంటీను కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు, వార్షికోత్సవ విందు ఏర్పాటు చేసేటప్పుడు ధరతో పాటు పనివారి రిజిస్టరును కూడ చూడవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము.