పాత పోలో జీటీ టీఎస్‌ఐ: స్టేజ్ 1 తర్వాత చూద్దాం, ముందు గేర్‌బాక్స్ సంగతేంటి?

సెకండ్‌హ్యాండ్‌లో పోలో జీటీ టీఎస్‌ఐ కొన్నవాళ్లు మా ఆఫీస్ పార్కింగ్‌లోనే నలుగురున్నారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే: "స్టేజ్ 1 రీమ్యాప్ ఎక్కడ బాగా చేస్తారు?" రెండో ప్రశ్న ఓ ఆరు నెలలాగి వస్తుంది: "బ్రో, గేర్‌బాక్స్ జెర్క్ కొడుతోంది, ఏం చేయాలి?" ఈ రెండు ప్రశ్నల వరస తిరగబడాలన్నదే నా వాదన.

గ్యాడ్జెట్ సైట్‌లో కారు గోల ఏంటి అంటారా? ఈ కారులో గేర్ మార్చేది టీసీయూ అనే కంప్యూటర్. అందులో ఫర్మ్‌వేర్ ఉంటుంది, దాన్ని ఫ్లాష్ చేయొచ్చు, లాగ్స్ తీయొచ్చు. కస్టమ్ రామ్‌లు వేసి ఫోన్లు బ్రిక్ చేసుకున్న బ్యాచ్‌కి ఇంతకంటే దగ్గరి సబ్జెక్ట్ ఏముంటుంది?

2013 ఏప్రిల్‌లో లాంచ్ అయినప్పుడు దీని ఎక్స్-షోరూమ్ ధర 7.99 లక్షలు. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 105 పీఎస్, 175 ఎన్‌ఎమ్ టార్క్, 7 స్పీడ్ డీఎస్‌జీ. సున్నా నుంచి వందకి 9.7 సెకన్లని కంపెనీ చెప్పుకుంది. 2020లో బీఎస్6తో పాటే ఈ ఇంజన్, ఈ గేర్‌బాక్స్ రెండూ వెళ్లిపోయి 1.0 టీఎస్‌ఐకి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వచ్చింది. 2022లో ఇక్కడ పోలోనే ఆపేశారు. కాబట్టి ఇప్పుడు మీకు దొరికే ప్రతి డీఎస్‌జీ పోలో వయసు మీదపడిన కారే. గేర్‌బాక్స్ భయంతో ఓనర్లు తగ్గించి అమ్ముతున్నారు, ఆ రేటు చూసి మనం కొంటున్నాం. కొన్నాక ఆ భయం మన ఇంటికొస్తుంది.

ఈ గేర్‌బాక్స్ పేరు డీక్యూ200. లోపల రెండు క్లచ్‌లు: ఒకటి 1, 3, 5, 7 గేర్లకి, ఇంకోటి 2, 4, 6, రివర్స్‌కి. ఒక గేర్‌లో వెళ్తుంటే తర్వాతి గేర్ ముందే రెడీగా ఉంటుంది, క్లచ్ మారితే చాలు. అందుకే ఆ షిఫ్ట్ అంత స్పీడ్. అసలు విషయం ఏంటంటే, ఇవి డ్రై క్లచ్‌లు. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లో వచ్చిన డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని ఆయిల్ లాగేస్తుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. గాలి తగిలితే చల్లారాలి, అంతే.

గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కి థ్రాటిల్ అవుతుంది కదా, చల్లారాక మళ్లీ మామూలే. క్లచ్ ఫేసింగ్‌కి ఆ అదృష్టం లేదు. అరిగింది అరిగినట్టే. సాయంత్రం ఏడింటికి రాయదుర్గం నుంచి గచ్చిబౌలి వైపు పాకుతున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి: కారు నడక వేగంలో ఉంది, మొదటి గేర్ క్లచ్ పూర్తిగా పట్టుకునేంత స్పీడ్ లేదు, అది జారుతూనే ఉంటుంది. మీ కాలు బ్రేక్ మీద సగం నొక్కి సగం వదిలి. టీసీయూ క్లచ్ ఉష్ణోగ్రతని లెక్కగడుతూనే ఉంటుంది, మరీ ఎక్కువైతే క్లస్టర్‌లో గేర్ గుర్తు మిణుకుమిణుకుమంటుంది కూడా. కానీ అది చెప్పేసరికి కాలాల్సింది కాలిపోతుంది.

పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇక్కడే ఉంది. ముందు బండి కదిలిన ప్రతి అడుగుకీ మీరు కదలకండి. నాలుగైదు మీటర్ల గ్యాప్ రానిచ్చి, క్లచ్ పూర్తిగా పట్టేలా ఒక్కసారి కదలండి. ఆగితే బ్రేక్ పూర్తిగా నొక్కండి, అప్పుడే క్లచ్ విడుతుంది. ఫ్లైఓవర్ ర్యాంప్ మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టడం మాత్రం అస్సలొద్దు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. క్లచ్ సెట్ బిల్లు వాడు కట్టడు.

ఇక ఆయిల్. "డీఎస్‌జీ ఆయిల్ మార్పిస్తే జడ్డర్ పోతుంది" అని గ్యారేజీల్లో తెగ చెబుతుంటారు. ఈ బాక్స్‌లో క్లచ్ ఆయిల్‌లో లేదని ఇందాకే చెప్పుకున్నాం. మరి ఆయిల్ మారిస్తే క్లచ్ వణుకు ఎందుకు పోతుంది? 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ అన్నది డీక్యూ250 లెక్క. డీక్యూ200లో ఆయిల్ రెండు వేరువేరు అరల్లో ఉంటుంది: గేర్లకి 1.7 లీటర్లు, మెకాట్రానిక్ యూనిట్‌కి సుమారు ఒక లీటర్ హైడ్రాలిక్ ఆయిల్. రెండూ 'లైఫ్‌టైమ్ ఫిల్' అని కంపెనీ మాట. ఎవరి లైఫ్‌టైమ్ అనేదే నా డౌట్. వారంటీ అయ్యాక మూడో ఓనర్ చేతిలో ఉన్న కారుకి ఆ మాట ఎవరు నిలబెడతారు? నాది 2015 మోడల్, 70 వేల దగ్గర గేర్ ఆయిల్ మార్పించా. షిఫ్ట్‌లో తేడా ఏమీ తెలియలేదు. బేరింగుల కోసం మార్చే ఆయిల్‌తో సీటులో కూర్చున్నవాడికి తేడా తెలియాల్సిన పనీ లేదు.

ఆయిల్ విషయంలో కంపెనీ మాటే వేదం అనేవాళ్ల కోసం కొంచెం చరిత్ర. 2013 మార్చిలో చైనా ప్రభుత్వ టీవీ వినియోగదారుల కార్యక్రమంలో డీఎస్‌జీ ఫిర్యాదులు చూపించాక, కొన్ని రోజుల్లోనే అక్కడ 3,84,181 కార్లు రీకాల్ అయ్యాయి. అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లలో ఈ 7 స్పీడ్ బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోస్తామన్నారు. కారణం: వేడి, తేమ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ కలిసినచోట ఎలక్ట్రికల్ ఫాల్ట్ రావచ్చని. వేడి, తేమ, ట్రాఫిక్. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో మే నెల మధ్యాహ్నం గుర్తొచ్చిందా?

ఎక్కువ డబ్బు పోయేది మెకాట్రానిక్ దగ్గర. టీసీయూ, ఎలక్ట్రిక్ పంపు, వాల్వులు, ప్రెజర్ నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్, అన్నీ కలిపి ఒకే డబ్బా. అల్యూమినియం హౌసింగ్‌లో అక్యుమ్యులేటర్ బిగించేచోట పగులు రావడం దీనికి ప్రపంచమంతా తెలిసిన జబ్బు. ప్రెజర్ నిలవదు, పంపు మాటిమాటికీ తిరుగుతుంది, చివరికి పంపుని కాపాడుకోవడానికి సిస్టమ్ చేతులెత్తేస్తుంది. స్కానర్‌లో పీ17బీఎఫ్ కోడ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. పగిలింది లోహం, ఎలక్ట్రానిక్స్ చాలాసార్లు శుభ్రంగానే ఉంటాయి. అయినా యూనిట్ మొత్తం మార్చాలంటే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. చార్జింగ్ పోర్ట్ పోతే మదర్‌బోర్డ్ మార్చాలన్నట్టు! హౌసింగ్ మార్చి, లేదా రీఇన్‌ఫోర్స్‌మెంట్ కిట్ వేసి రిపేర్ చేసేవాళ్లున్నారు. చేశాక బేసిక్ సెట్టింగ్స్ రన్ చేసి క్లచ్, గేర్ పొజిషన్లు మళ్లీ నేర్పించాలి. ఆ టూల్ లేని షాపులో కారు పెట్టకండి. క్లచ్ మార్చేటప్పుడూ అంతే, ప్రత్యేక టూల్స్‌తో కొలతలు తీసి బిగించాలి. "అనుభవంతో బిగించేస్తాం సార్" అంటే నవ్వి వచ్చేయండి.

అన్నట్టు, ఆ పంపు నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. బ్యాటరీ నీరసపడితే గేర్‌బాక్స్ ఫాల్ట్ కోడ్లు వస్తాయి. లక్షల కోట్ విని గుండె జారిపోయేలోపు బ్యాటరీ వోల్టేజ్ చూడండి.

ఇప్పుడు స్టేజ్ 1కి వద్దాం. డీక్యూ200 డిజైన్ లిమిట్ 250 ఎన్‌ఎమ్. స్టాక్ కారు 175 దగ్గరుంది. రీమ్యాప్‌తో 220 చుట్టుపక్కలకి వస్తుందని ట్యూనర్లు చెబుతారు. లిమిట్ లోపలే కదా అంటే, పేపర్ మీద అవును. కానీ ఆ 250 కొత్త క్లచ్‌కి. పదేళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగిన క్లచ్‌కి ఎంతో ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. టర్బో కారులో పెరిగే టార్క్ కింది ఆర్‌పీఎమ్‌లోనే దిగుతుంది, సరిగ్గా క్లచ్ పట్టుకునే వేళకి.

అందుకే నా ఓటు టీసీయూ ట్యూన్‌కి, అదీ ఈసీయూ స్టాక్‌లో ఉంచి. డీలో తొందరపడి పై గేర్లకి ఎక్కేయడం తగ్గుతుంది, మాన్యువల్ మోడ్‌లో మీరు చెప్పిన గేర్ నిలుస్తుంది. రోజూ ఫీలయ్యే తేడా ఇదే. ఓఆర్‌ఆర్ మీద అరసెకను ముందు వందకి చేరడం నెలకోసారి ముచ్చట.

నేను ఒక ట్యూనర్ దగ్గర కోట్ తీసుకున్నా. ఇంకా చేయించలేదు, ఎందుకంటే మూడు అడిగితే ఒకదానికే సరైన జవాబొచ్చింది. స్టాక్ ఫైల్ బ్యాకప్ ఇస్తారా? ఇస్తారట. ట్యూన్‌కి ముందూ తర్వాతా క్లచ్ టెంపరేచర్ లాగ్స్ చూపిస్తారా? "అవసరం లేదు బ్రో." ఏ గేర్‌లో టార్క్ లిమిటర్ ఎంత మారుస్తున్నారు? "అది మా సీక్రెట్." చేంజ్‌లాగ్ లేని ఫర్మ్‌వేర్‌ని నా ఫోన్‌లోనే వేసుకోను. రెండో షాపువాడు లాగ్స్ పంపుతానన్నాడు, చూస్తున్నా.