తీగ యొక్కటియే చాలునా?

మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబర్ తీగకును దారి కల్పించుట తెలంగాణ ప్రభుత్వ మవలంబించిన పద్ధతి. ఒక్క త్రవ్వకముతో రెండు పనులు నెరవేరుట మెచ్చదగినదే. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవ నాలుగు గ్రామములందు ప్రయోగముగా నారంభింపబడెను. అందొకటి భూపాలపల్లికి పొరుగు జిల్లాయగు పెద్దపల్లిలోని అడవి శ్రీరాంపూర్. ఈ సేవ జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలయందు ఇల్లిల్లును చేరవలెనని మేమును గోరుచున్నాము. కాని యా తీగలో నేమి ప్రవహించును, ఎట్లు ప్రవహించునను ప్రశ్నను ముందుగా విచారింపవలసియున్నది.

ప్రసారము వేఱు; కోరిన వీడియోను కోరిన వేళకు చూపుట వేఱు. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, కరోనా వలన బడులు మూతపడియుండగా, 3వ తరగతి మొదలు 10వ తరగతి వఱకు పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్‌ల ద్వారా ప్రసారమైనవి. ప్రసారమున చూచువారు పెరిగినను వ్యయము పెరుగదు. అయితే ఆ గడియకు చేనిలో తల్లికి తోడ్పడుచున్న పిల్లకు పాఠము తప్పినట్లే. ఆమె దానిని రాత్రి యెనిమిది గంటలకు చూడగోరినచో, ఆమె కొఱకే వేఱొక ధార సాగవలయును. నూఱుగురు కోరిన నూఱు ధారలు.

లెక్క చూతము. భారత్‌నెట్ పథకము తొలుత పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల వేగము నుద్దేశించెను. స్పష్టమగు వీడియోకు సుమారు 5 మెగాబిట్లు కావలయుననుకొన్నచో, ఏకకాలమున చూడగలవారు 20 ఇండ్లవారే. మండలమునకు 20 పంచాయతీలున్నచో 400 ధారలు, అనగా 2,000 మెగాబిట్లు, హైదరాబాదునుండి రావలయును. ఆ నాలుగువందలలో మూడువందల యిండ్లవారు చూచునది యొక్క పాఠమే యైనను, దానిని మూడువందల మారులు మోసికొని వచ్చుట యెంత వృథా!

ఇట్టి చిక్కునకు విరుగుడు మన సీమలోనే కలదు. కాకతీయుల కాలమున రైతును గోదావరికి పంపలేదు. పొలము చెంతనే నీటిని నిలిపిరి. గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన బయ్యారము చెఱువును, భూపాలపల్లి చేరువ గణపురము చెఱువును నేటికిని సాక్షులు. వీడియోకును నిట్టి చెఱువే కావలయును. పెక్కుమంది చూచెడు పాఠములను, చిత్రములను రద్దీ లేని నడిరేయి నొక్కమారు తెప్పించి మండల కేంద్రపు సర్వరులో నిలువచేసిన, కోరినవారికి అచటినుండియే యందును. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2012 నుండి తన నిలువ పెట్టెలను ఇంటర్నెట్ సంస్థల కేంద్రములందే యుంచుచున్నది. పరదేశపు సంస్థ తన వ్యాపారమునకై చేసికొన్న యేర్పాటును, ప్రజల సొమ్ముతో తీగ వేయు ప్రభుత్వము తెలుగు పాఠమునకై యేల చేయరాదు?

మండలపు నిలువతోనే సర్వము చక్కబడునని మేమనము. పంచాయతీ కొమ్మ యిఱుకు తీరుటకు ఆ కొమ్మ వేగమును హెచ్చింపవలయును. బడిలో చిన్న నిలువపెట్టె నుంచవలయును. క్రికెట్ పోటీల వంటి ప్రత్యక్ష ప్రసారములను మండలము వఱకు నొకే ధారగా తెచ్చి యచట చీల్చవలయును. మఱియు చెఱువు నిండియున్నను కాలువ తెగిన పొలమెండును. జనగామ, మహబూబాబాదులు రైలుదారి మీది పట్టణములు. భూపాలపల్లికి రైలే లేదు. కొత్తగూడ, గంగారం, పలిమెల వంటి యడవి మండలములకు ఒక్క దారినే తీగ వచ్చినచో, ఒక్క పలుగుపోటుతో నన్నియు స్తంభించును. 2023 ఆగస్టులో కేంద్రము సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో నంగీకరించిన సవరించిన భారత్‌నెట్ పథకమున, తీగను వలయాకారముగా నమర్చి రెండు దిక్కులనుండి దారి కల్పింప నిశ్చయించిరి. ఆ వలయము పట్టణములకడనే ముగియక అడవి పల్లెలను గూడ చుట్టిరావలయును.

కావున ఈ మూడు జిల్లాల రైతులును, పురజనులును తమ ప్రతినిధులను తీగ యెన్ని మైళ్లు వేసితిరని మాత్రమే యడిగి యూరకుండరాదు. రాత్రి యెనిమిది గంటల వేళ ఎన్ని యిండ్లలో పిల్లల పాఠము ఆగక సాగుచున్నదని యడుగవలయును. ఈ పథకమునకు నిజమైన కొలత యదియే.