సొంతూరు కాగితంలో ఉండదు

సొంతూరు అనే మాటను మన ఇళ్లలో చాలా తేలిగ్గా వాడేస్తాం. తమిళనాడులో ఎన్నో తరాలుగా కాపురం ఉంటున్నా, "ఉంగ సొంద ఊరు ఎదు?" అని ఎవరైనా అడిగితే, తామెప్పుడూ కంటితో చూడని ఏదో ఆంధ్రా ఊరి పేరు చెప్పే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. పిల్లలకీ అదే నేర్పిస్తున్నాం. అందులో ఉన్నది అభిమానమే, కాదనం. కానీ తండ్రితాతల ఊరే మనిషి సొంతూరని ఒక దేశం చట్టం చేసి, పల్లెపల్లెనా అమలు చేస్తే ఏమైందో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో కనిపిస్తుంది. మనలాంటి కుటుంబాలు తెలుసుకోవలసిన కథ అది.

ఇంగ్లీషు పల్లె అనగానే మనకొక బొమ్మ కనబడుతుంది. రాతి చర్చి, గంట గోపురం, గడ్డి కప్పిన ఇళ్లు, గులాబీ కంచెలు. బొమ్మ అబద్ధం కాదు గానీ, దాని వెనకాల ఒక లెక్కల పుస్తకం ఉండేది. పారిష్ అంటే మొదట ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ, దాని పొలిమేరా. ఆ పొలిమేర ప్రార్థనకు మాత్రమే కాదు, డబ్బుకూ గీతే. ఊళ్లో భూమీ ఇల్లూ అనుభవించేవాళ్ల దగ్గర పేదల పన్ను వసూలు చేసి, ఆ ఊరి ముసలివాళ్లనూ రోగులనూ వితంతువులనూ పనిలేనివాళ్లనూ ఆదుకోవలసిన బాధ్యత పారిష్‌దే. ఇంగ్లండు, వేల్సు కలిపి ఇలా తమ పేదల భారం తామే మోసే పారిష్‌లూ చిన్న ఊళ్లూ సుమారు 15,000 ఉండేవి.

ఏర్పాటు మంచిదే. చిక్కల్లా ఎవరు మన పేదవాడు, ఎవరు పక్కూరి పేదవాడు అన్న చోట వచ్చింది. 1662 నాటి చట్టం నుంచి ప్రతి మనిషికీ ఏదో ఒక పారిష్‌లో 'సెటిల్‌మెంట్' ఉండాలన్నది లెక్క. బిడ్డకు తండ్రి సెటిల్‌మెంటే వస్తుంది, భార్యకు భర్తది వస్తుంది. కొత్త ఊళ్లో అది సంపాదించుకోవాలంటే అప్రెంటిస్‌గా పని నేర్చుకోవాలి, లేదా ఏడాదికి 10 పౌండ్ల అద్దె కట్టగలగాలి. కూలీకి అంత ఎక్కడిది? పెళ్లికాని పాలేరు ఒకే రైతు దగ్గర నిండు ఏడాది పనిచేస్తే ఆ ఊరివాడయ్యే దారి ఒకటుండేది. దాంతో కొందరు రైతులు 51 వారాలకే ఒప్పందం రాసుకునేవారు. ఏడాది నిండకుండానే పాలేరును పంపేసేవారు. 1834లో వచ్చిన కొత్త పేదల చట్టం ఆ దారిని కూడా మూసేసింది.

ఇక వితంతువుల సంగతి. భర్త పోయి, పిల్లలతో సాయం అడిగిన ఆడమనిషిని ఇద్దరు మెజిస్ట్రేట్ల సంతకం ఉన్న ఒక్క కాగితంతో భర్తగారి పారిష్‌కి పంపేయొచ్చు. ఆ ఊరు ఆమె చూసి ఉండకపోవచ్చు. ఒక్కోసారి భర్తా చూసి ఉండడు, అది అతని తండ్రి సెటిల్‌మెంట్. ఇరవై ఏళ్లు కాపురం చేసి, పిల్లలకు బాప్టిజం ఇప్పించి, మొగుణ్ణి ఏ చర్చి పక్కన పూడ్చిందో ఆ ఊరు ఆమెది కాదు. మామగారి పేరున్న ఊరు ఆమెది. ఇదీ చట్టం.

పంపించేముందు మెజిస్ట్రేట్లు విచారణ చేసేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నావు, జీతమెంత, పెళ్లెక్కడ అయింది అని అడిగి రాయించేవారు. వాటిలో చాలా కాగితాలు ఈనాటికీ ఉన్నాయి. చదువురాని ఇంగ్లీషు కూలీల జీవితకథలు ఇంత వివరంగా దొరికేది చాలావరకు వాటిలోనే. తమ గురించి చెప్పమని వాళ్లను ఒక్కసారే అడిగారు, అదీ ఊళ్లోంచి పంపేయడానికి!

ఈ లెక్క పల్లెల రూపాన్నే మార్చేసింది. ఊరంతా ఒకే భూస్వామి చేతిలో ఉంటే, ఆయన కూలీల ఇళ్లు కట్టనిచ్చేవాడు కాదు. పాతబడ్డవి కూలగొట్టించేవాడు. ఇళ్లు లేకపోతే పేదలుండరు, పన్నూ ఉండదు. వాటికి 'మూసిన పారిష్‌లు' అని పేరు. కూలీలంతా పక్కనున్న 'తెరిచిన పారిష్‌ల'లో ఇరుకు కొంపల్లో చేరి, రోజూ మైళ్లు నడిచి అదే భూస్వామి పొలాల్లో పనిచేసి వచ్చేవారు. నార్‌ఫోక్‌లోని కాజిల్ ఏకర్ ఇలాంటి కిక్కిరిసిన ఊరుగా పేరుపడింది. అక్కడ ఆడవాళ్లనూ పిల్లలనూ గుంపులుగా చుట్టుపక్కల పొలాలకు తోలుకెళ్లేవారు. ఆ గుంపుల్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలను పెట్టకూడదని 1867లో చట్టం చేయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ముచ్చటైన పల్లె బొమ్మల్లో ఆ మూసిన పారిష్‌లవీ ఉంటాయి. ఊరు అంత శుభ్రంగా కనబడటానికి కారణం, పనిచేసేవాళ్లు వేరే ఊళ్లో ఉండటం.

తర్వాత జరిగిన మార్పే మనకు ముఖ్యం. ఒక పారిష్‌లో అయిదేళ్లు ఉన్నవాళ్లను పంపేయకూడదని 1846లో చట్టం వచ్చింది. భర్త పోయిన ఏడాదిలోపు వితంతువును కదిలించకూడదన్నదీ అందులోనే. 1861లో అయిదేళ్లు మూడయ్యాయి, 1865లో ఒక్క ఏడాదికి వచ్చాయి. అదే 1865 చట్టం పేదల భారాన్ని ఒక్కో పారిష్ మీద నుంచి తీసి, ఎన్నో పారిష్‌లు కలిసిన యూనియన్ మీద వేసింది. దాంతో భూస్వామికి ఇళ్లు కూలగొట్టడం వల్ల వచ్చే లాభం పోయింది. దయ ఒక్కటే దీనికి కారణం కాదు, పట్నాలకూ మిల్లులకూ కూలీలు కావాలి. కారణమేదైనా, ఊరివాడెవరంటే తండ్రి పేరు చూడటం తగ్గి, ఎన్నాళ్లుగా ఉంటున్నావని అడగటం మొదలైంది. అయినా సెటిల్‌మెంట్ పూర్తిగా పోవడానికి 1948 దాకా పట్టింది.

చట్టం కంటే ముందే నడిచిన ఊళ్లూ ఉన్నాయి. కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డున మార్వెన్‌స్టో అనే పారిష్‌కి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాదిరి ఉండేవాడు. ఆయనా ఆ ఊరివాడు కాదు, ప్లిమత్‌లో పుట్టినవాడు. ఓడలు పగిలి కొట్టుకొచ్చిన నావికుల శవాలను కొండరాళ్ల కింద నుంచి మోయించి తెచ్చి, చర్చి ఆవరణలోనే పూడ్పించాడు. 1842లో మునిగిన 'కాలిడోనియా' అనే స్కాట్లాండ్ ఓడ ముందుభాగాన ఉండే కొయ్యబొమ్మే ఆ నావికుల సమాధికి గుర్తుగా నిలిచింది. మరుసటి ఏడాది ఆ చర్చిలోనే ఆయన కోతల పండుగ ప్రార్థన పెట్టాడు. ఇవాళ ఇంగ్లండు చర్చిల్లో అనాదిగా వస్తున్నదనిపించే ఆ పండుగ ఇప్పటి రూపానికి అదే మొదలంటారు. పరాయివాళ్లకు చోటిచ్చిందీ, ఊరికి పండుగ ఇచ్చిందీ ఒక వలసవాడే.

మనం బీదవాళ్లం కాదు కదా, మనల్నెవరు పంపేస్తారు, పాత ఊరి పేరు చెప్పుకుంటే నష్టమేంటి అని మీరు అడగొచ్చు. పేరు చెప్పుకోవడంలో నష్టం లేదు. 'ఇది మన ఊరు కాదు' అని పిల్లలకు నేర్పడంలో ఉంది. పక్క వీధి చెరువు పాడైతే మనది కాదనిపించేది అందుకే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇవాళ కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లులకు ఒడిశా నుంచీ బీహారు నుంచీ వస్తున్న కూలీలను చూసి, 'వీళ్లెక్కడివాళ్లో' అని మన ఇళ్లలోనే అంటున్నాం. తరాల కిందట మన పెద్దలు బండి దిగినప్పుడు ఎవరో ఒకరు చోటిచ్చారు. ఆ మాట అనడానికి అందరికంటే తక్కువ హక్కు మనకే.

1851 జనాభా లెక్కల్లో ఒక్కో మనిషిని ఉన్న ఇంటి దగ్గరే రాసుకుని, ఎదురుగా ఇంకో గడిలో పుట్టిన పారిష్ కూడా రాశారు. ఒకటి రాసినందుకు రెండోది కొట్టేయలేదు. మన వంశవృక్షాల్లోనూ అలాగే రాద్దామని మా మాట. పెద్దలు బయల్దేరిన ఊరి పేరు ఒక గడిలో ఉంచండి. పక్క గడిలో ఇల్లు కట్టిన ఊరు, పిల్లలు బడికెళ్లిన ఊరు, పోయినవాళ్లను సాగనంపిన ఊరు రాయండి. తెలుగు మనతో వచ్చింది, ఎక్కడున్నా ఉంటుంది. ఊరు మాత్రం మనం బతికే చోటే.